విద్యార్థియు చిత్తశాంతియు

విద్య సుఖమునకు సాధనమని పెద్దలు చెప్పుదురు. అట్టి విద్యను గడించు కాలమే యిప్పుడు పెక్కుమంది బాలబాలికలకు దుఃఖకాలమగుచున్నది. సంక్రాంతి సెలవులు గడచి, పదవ తరగతి పరీక్షలకు రెండు నెలలు మాత్రమే మిగిలినప్పుడు మన పాఠశాలల ముఖమే మాఱిపోవును. ఉదయమున బడిగంట కొట్టకమునుపే యొక స్పెషల్ క్లాసు; సాయంకాలమున బడి విడిచిన పిదప మఱియొక స్పెషల్ క్లాసు; నడుమ స్లిప్ టెస్టులు; వారము చివర గ్రాండ్ టెస్టు. ఆటస్థలమున పదవ తరగతివారి కాలిజాడలు కానరావు. ఇండ్లలో దీపములు అర్ధరాత్రము దాటినను ఆఱవు. తలనొప్పి, కడుపునొప్పి, ఆకలి మందగించుట, చదివినది చదివినట్లే మఱచిపోవుట, కారణము లేకయే తమ్ములపైనను చెల్లెండ్రపైనను కసరుకొనుట, ఇవి యీ నెలలలో ఇంటింట వినవచ్చు మాటలు. వీనికన్నిటికి కలిపి జనులు ‘ఒత్తిడి’ యని పేరు పెట్టినారు.

ఈ విషయమున మా యభిప్రాయము ముందుగానే చెప్పుచున్నాము. చిత్తశాంతి పరీక్షదినమున ఆకస్మికముగా లభించు వరము కాదు. చేవ్రాత వలెనే అదియు దినదినము కొంచెము కొంచెముగా అలవడు విద్య. ఆ విద్యకు నిద్రవేళ, ఆటవేళ, విశ్రాంతివేళ యనునవే పాఠ్యవేళలు. ఆ వేళలను చదువు పేరిట లాగికొన్నచో శాంతియు పోవును, చదువును పోవును. కావున వానిని కాపాడుట విద్యార్థి యొక్కనిదే గాక, తలిదండ్రులకును ఉపాధ్యాయులకును చెందిన విధియని మా తలంపు.

మొదట ఒత్తిడి యననేమో తెలిసికొందము. అమెరికాదేశమున హార్వర్డు విశ్వవిద్యాలయమందు శరీరధర్మశాస్త్రాచార్యుడుగా నుండిన వాల్టర్ కానన్ పిల్లులపై పరీక్షలు చేసెను. ప్రశాంతముగా నున్న పిల్లి కడుపులో ఆహారము చక్కగా జీర్ణమగుచుండెను. భయము కలిగినంతనే జీర్ణక్రియ నిలిచిపోయెను. పిల్లి యెదుట కుక్క మొఱిగినప్పుడు, మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న అడ్రినల్ గ్రంథులనుండి యొక రసము వెలువడి దాని రక్తములో కలిసెను. భయమును కోపమును ప్రాణిశరీరమును పోరాటమునకో పలాయనమునకో సిద్ధపఱచునని యాతడు 1915లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ప్రశ్నపత్రము కుక్క కాదు. కాని భయపడిన శరీరమునకు ఆ భేదము తెలియదు. అందుచేతనే పరీక్షనాటి యుదయమున ఇడ్డెన గొంతు దిగదు, అఱచేతులు చెమర్చును, గుండె దడదడ కొట్టుకొనును. ఇది పిఱికితనము కాదు. దేహము మనలను రక్షింపవలెనని చేయు ప్రయత్నమే యది. అయితే వేళ కాని వేళ చేయుచున్నది, అంతియే.

1936లో హాన్స్ సెల్యే యను శాస్త్రజ్ఞుడు కెనడాదేశమందలి మాంట్రియల్ నగరమునుండి ‘నేచర్’ పత్రికకు ఒక చిన్న లేఖ వ్రాసెను. ఎలుకలను చలిలో నుంచినను, గాయపఱచినను, మితిమీరిన శ్రమ చేయించినను, వాని దేహములలో ఒకే విధమైన మార్పులు కలుగుచున్నవని యందు తెలిపెను. అడ్రినల్ గ్రంథులు ఉబ్బెను. కడుపులో పుండ్లు పుట్టెను. బాధ యేదైనను దేహము చెప్పు ప్రత్యుత్తర మొక్కటే. అది కొలదికాలమైనచో మేలే. నెలల తరబడి సాగినచో హాని. ఇంజనీర్లు ఇనుప దూలముపై పడు భారమును గూర్చి వాడు ‘స్ట్రెస్’ అను మాటను తరువాత నాతడు దేహమునకు అన్వయించెను. మన ‘ఒత్తిడి’ దానికి తెలుగు మాట.

ఇక్కడ నొక సందేహము కలుగవచ్చును. ఒత్తిడి యేమాత్రమును లేకున్నచో విద్యార్థి పుస్తకము ముట్టునా? న్యాయమైన ప్రశ్నయే. దీనికి ప్రాచీనమైన సమాధాన మొకటి, ఆధునికమైన సమాధాన మొకటి కలవు. బౌద్ధగ్రంథములలో సోణుడను భిక్షువు కథ కలదు. అతడు పాదములు చిట్లి రక్తము కాఱువఱకు నడచుచు ధ్యానసాధన చేసెను. అయినను ఫలము కానక, విసిగి, ఇంటికి మరలిపోవుదునా యని తలపోసెను. గృహస్థుగా నున్నప్పుడు అతడు వీణ వాయించుటలో నేర్పరి. బుద్ధుడు వచ్చి, తంత్రులు మిక్కిలి బిగించినప్పుడు వీణ పలికెనా యని యడిగెను, లేదనెను. మిక్కిలి వదులు చేసినప్పుడు పలికెనా యని యడిగెను, లేదనెను. సాధనయు నట్టిదేయని బోధించెను. ఇక రెండవది: 1908లో యర్క్సు, డాడ్సన్ అను నిరువురు అమెరికా శాస్త్రజ్ఞులు చుంచెలుకలకు నలుపు తెలుపుల భేదమును నేర్పుచు, తప్పినప్పుడెల్ల విద్యుత్తు తగిలించి చూచిరి. తేలికపాఠమును నేర్చుటకు గట్టి శిక్ష తోడ్పడెను. భేదము గుర్తించుట కఠినమైనప్పుడు మాత్రము మితమైన శిక్షతో త్వరగా నేర్చినవి, శిక్ష మితిమీరగనే వెనుకబడినవి. ఎలుకలనుండి బాలురకు నేరుగా న్యాయము చెప్పరాదు గాని, యనుభవమును ఈ మాటనే బలపఱచుచున్నది. ఎక్కములు వల్లెవేయించుటకు బెత్తము పనికివచ్చినట్లు తోచవచ్చును. రేఖాగణితమున నొక సిద్ధాంతమును నిరూపించుటకు పనికిరాదు. పాఠ మెంత కఠినమో, మనస్సంత నిమ్మళముగా నుండవలెను. కాని మనము చేయుచున్న దేమి? లెక్కలలో వెనుకబడిన బాలునే యెక్కువ బెదరించుచున్నాము.

కావున తంత్రిని తెంపివేయుమని మేము చెప్పుటలేదు. దానిని శ్రుతిలో నుంచు అలవాట్ల నడుగుచున్నాము. వానలు పడిన పిదప చెఱువుగట్టు వేయబూనిన రైతును చూచి యూరు నవ్వును. గట్టు వేసవిలోనే వేయవలెను. శాంతియు నంతే. మార్చినెలలో వలసిన నెమ్మదిని జూను జూలైలనుండియే కూడబెట్టుకొనవలెను. అందులకు సాధనములు మిక్కిలి సామాన్యములు. రూకలు ఖర్చు లేనివి. ప్రతి యింటను చేయదగినవి.

మొదటిది నిద్ర. పదుమూడేండ్లనుండి పదునెనిమిదేండ్లవఱకు గల వయస్సువారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర వలయునని అమెరికా నిద్రావైద్యుల సంఘము 2016లో ప్రకటించినది. మన పదవ తరగతివారిలో ఎందఱు దీనిని పొందుచున్నారో యుపాధ్యాయులు తరగతిలో నొక్కమారు చేతులెత్తించి చూచిన తెలియగలదు. నిద్రించిన కాలము వ్యర్థకాలమని పలువురి నమ్మకము. అది నిజము కాదు. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయమున జెంకిన్సు, డాలెన్‌బాక్ అను శాస్త్రజ్ఞులు ఇరువురు విద్యార్థులచే అర్థము లేని పదిపది యక్షరసముదాయములను కంఠస్థము చేయించిరి. తరువాత ఎనిమిది గంటలు నిద్రపోయి లేచినప్పుడు వారు సగమునకు మించి యప్పగించిరి. ఎనిమిది గంటలు మేలుకొని తిరిగినప్పుడు పదింట సుమారొక్కటి మాత్రమే యప్పగించిరి. విద్యార్థులు ఇరువురే యైనను, తదుపరి వచ్చిన పెక్కు పరిశోధనలు నిద్రకును జ్ఞాపకశక్తికిని గల యీ పొత్తును బలపఱచినవి. పగలు చదివిన పాఠమును రాత్రి మెదడు సర్ది భద్రపఱచును. ధాన్యము నూర్చి కళ్లములోనే విడిచి, గాదెలో పోయని రైతు వంటివాడు నిద్ర మానిన విద్యార్థి.

యౌవనారంభమున దేహమందలి నిద్రాగడియారము స్వభావముగానే కొంత యాలస్యముగా నడచును. ఆ వయస్సువారు పది గంటలకు ముందు నిద్ర రాదనుట సోమరితనము కాదు. దానిపై రాత్రివేళ సెల్‌ఫోను వెలుగు కన్నులలో పడినచో నిద్ర మఱింత దూరమగును. వెలుగొక్కటే కాదు, తోడివారిలో ఎవరెంత చదివిరి, ఎవరికెన్ని మార్కులు వచ్చెనను సందేశములు ఆ ఫోనులోనే వచ్చుచుండును. రాత్రి పదిగంటలకు తోడివాని మార్కులు తెలిసికొన్నవాడు పదకొండు గంటలకు నిద్రపోగలడా? కావున నిద్రకు గంట ముందుగా ఇంటనున్న ఫోనులన్నియు, పెద్దలవి కూడ, ఒక బల్లపై నుంచు నియమము మేలని తలంచెదము. పెద్దలు తమ ఫోనులను చూచుచు పిల్లలను మానుమనుట చెల్లదు.

రెండవది యాట. ప్రపంచారోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూత్రముల ప్రకారము, ఐదేండ్లనుండి పదునేడేండ్లవఱకు గలవారు దినమునకు సగటున 60 నిమిషములు ఒడలు వంచి శ్రమించు ఆటపాటలలో గడుపవలెను. ఆట యనగా పందెములలో కప్పులు గెలుచుట మాత్రమే యని మేము తలంపము. చెడుగుడు కూతయో, తొక్కుడుబిళ్లయో, తాడాటయో, పొలముగట్లపై వేగముగా నడచుటయో, యేదైనను చాలును. కానన్ చెప్పిన రసము పోరాటమునకును పరుగునకును దేహమును సిద్ధము చేయును గదా. బల్లమీద కదలక కూర్చున్నవానికి ఆ సిద్ధపాటు ఎట్లు ఖర్చగును? పరుగెత్తినవాడు ప్రకృతి కోరిన పనినే చేసినవాడగుచున్నాడు. అందుచేతనే యాటనుండి వచ్చినవాని మనస్సు తేలికపడును, ఆకలి పుట్టును, నిద్ర పట్టును. ఆడుపిల్లల విషయమున మఱింత జాగ్రత్త యవసరము. పదవ తరగతికి వచ్చుసరికి వారి యాట పరీక్షపేరనే గాక, పెద్దదానవైతివను పేరనుకూడ మానిపింపబడుచున్నది. చదువును ఇంటిపనియు రెండును మోయు బాలికకు ఆటవేళ యొక్కటియే తన సొంతవేళ. దానిని తీసివేయుట మిక్కిలి యన్యాయము.

మూడవది యూపిరి. మన పూర్వులు ప్రాణాయామమని దీనిని శ్రద్ధగా నభ్యసించిరి. శాస్త్రమును దీని మర్మమును కొంత వెల్లడించినది. మెదడునుండి గుండెకు దిగివచ్చు వేగస్ అను నాడి గుండె వేగమును తగ్గించును. 1921లో ఆస్ట్రియాదేశీయుడైన ఆటో లోవి ఒక కప్పగుండెకు సంబంధించిన ఆ నాడిని ప్రేరేపించి, ఆ గుండెను తడిపిన ద్రవమును రెండవ కప్పగుండెపై పోయగా రెండవదియు నెమ్మదించెను. ఆ నాడి యొక రసము ద్వారమున పనిచేయుచున్నదని తేలెను. ఈ పరీక్ష చేయు విధము తనకు కలలో తోచెనని యాయనయే చెప్పుకొనెను. 1936లో నోబెల్ బహుమానమును హెన్రీ డేల్‌తో పంచుకొనెను. నిద్రను నిందించువారు ఈ కలను గూడ నొకమారు తలంచుకొందురుగాక! మన యూపిరికిని ఆ నాడికిని సంబంధము కలదు. ఊపిరి లోనికి తీసినప్పుడు నాడి కొంచెము వడిగాను, వెలుపలికి విడిచినప్పుడు కొంచెము మెల్లగాను కొట్టుకొనును. మణికట్టుపై వ్రేళ్లుంచి విద్యార్థులు తామే పరీక్షించుకొనవచ్చును. కావున నాలుగు లెక్కించుచు ఊపిరి తీసి, ఆఱు లెక్కించుచు విడువవలెను. అట్లు నిమిషమునకు ఆఱు శ్వాసలగును. దినమున కొకమారు ఐదు నిమిషములిట్లు చేయుట కష్టము కాదు. అయితే ప్రతిదినము చేసినవానికే యిది పరీక్షాశాలలో అక్కఱకు వచ్చును. ఈత నేర్వనివాడు మునుగుచున్నప్పుడు ఈతను గూర్చిన పుస్తకము తెఱచిన నేమి లాభము?

నాల్గవది పాఠమును పంచుకొనుట. ఒత్తిడిలో సగము పని యెక్కువయగుటచేత గాక, పని పోగుపడుటచేత కలుగుచున్నది. జర్మనీదేశపు ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తినే తాను పరీక్షించుకొని 1885లో నొక గ్రంథము ప్రకటించెను. ఒకే దినమున పలుమారులు వల్లించుటకంటె దినములమధ్య పంచి వల్లించుట వలన తక్కువ శ్రమతో ఎక్కువ నిలుచునని యందు గమనించెను. ప్రతిరాత్రి రేపటి పనులను మూడింటిని కాగితముపై వ్రాసికొని, పుస్తకము మూసి పడుకొన్నచో మనస్సు ఆ భారమును కాగితమున కప్పగించి విశ్రమించును.

ఐదవది మనస్సులోని మాట చెప్పుకొనుట. స్నేహితునితో చెప్పుకొనవచ్చును; అమ్మతోనో నాయనమ్మతోనో చెప్పుకొనవచ్చును. నోట చెప్ప సిగ్గయినచో నోటుపుస్తకములో వ్రాయవచ్చును. 1986లో అమెరికాలో జేమ్సు పెన్నెబేకర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు తన సహచరురాలితో కలిసి, కాలేజీ విద్యార్థులచే నాలుగు దినములు, దినమునకు పదునైదు నిమిషములు తమ దుఃఖములను గూర్చి వ్రాయించెను. వ్రాసిననాడు వారికి దుఃఖము హెచ్చెను గాని, బాధాకరమైన సంగతులను అందలి తమ భావములతోకూడ వ్రాసినవారు తదుపరి నెలలలో వైద్యునియొద్దకు తక్కువగా పోయిరి. మనస్సులో తిరుగుచున్నంతవఱకు భయమునకు ఆకారము లేదు. కాగితముపైకి వచ్చినప్పుడు అది రెండు మూడు వాక్యములే యని తెలియును. ‘లెక్కలలో తప్పుదునని భయము’ అని వ్రాసినవాడు మఱునాడు లెక్కల మాస్టరుగారి యొద్దకు పోవుట కొక త్రోవ చూచుకొనును.

ఆఱవది మౌనము. మన మిషను పాఠశాలలలో ప్రార్థనతో దినమారంభమగుట పరిపాటి. దానిని వరుసలు సరిచేయుటకును, ప్రకటనలు చదువుటకును ఏర్పడిన వేళగా కొందఱు భావించుచున్నారు. అది విచారకరము. ఎవరి మతము ప్రకారము వారు తమ దేవుని తలంచుకొనుచు, రెండు నిమిషములు నిజముగా నిశ్శబ్దముగా నుండగలిగినచో, ఆ రెండు నిమిషముల యలవాటే ప్రశ్నపత్రము చేతికి వచ్చిన క్షణమున తోడుగా నిలుచును. ఆదివారపు విశ్రాంతికిని ఇదియే యర్థము. ఏడు దినములలో నొక దినము పని మానుమను ఆజ్ఞ సోమరులకొఱకు గాక, పనివారికొఱకే యేర్పడినది. ఆ దినమున గూడ గ్రాండ్ టెస్టు పెట్టుట మాకు సమ్మతము కాదు.

ఇక నాక్షేపణలకు వత్తము. ‘మేము కిరసనాయిలు దీపము ముందు చదివి పైకి వచ్చితిమి, ఒత్తిడి యను మాటయే యెఱుగము’ అని పెద్దలు కొందఱు సెలవిత్తురు. వారి కష్టమును మేము తక్కువ చేయము. కాని యొక్క సంగతి యోచింప గోరుచున్నాము. ఆనాడు బడికి మైళ్లకొలది నడచిపోయెడివారు, అది వ్యాయామము. దీపములో చమురు అయిపోగనే పుస్తకము మూసెడివారు, అది నిద్ర. సాయంకాలము పశువులను తోలుకొని వచ్చుచు పాటలు పాడుకొనెడివారు, అది విశ్రాంతి. ఇంట నలుగురు పెద్దలుండెడివారు, అది యూరట. పేదఱికమే వారికి ఈ యలవాట్లను నేర్పెను. నేటి బాలుడు బస్సులో పోవుచున్నాడు. అతని దీపము ఆఱదు. అతని సాయంకాలము స్పెషల్ క్లాసులో గడచుచున్నది. అతని యింట తలిదండ్రులిద్దఱును పనినుండి అలసి వచ్చుచున్నారు. నాడు అవసరమే చేయించిన దానిని నేడు తలంచి, యెంచి, చేయవలసియున్నది. అలవాట్లు క్రొత్తవి కావు; వానిని బుద్ధిపూర్వకముగా కాపాడుకొనవలసిన యగత్యమే క్రొత్తది.

‘ఈ రెండు నెలలే గదా, ఆట మానిన మునిగిపోయిన దేమి?’ అని మఱికొందఱు. రెండు నెలలలో చదువు హెచ్చునేని మేమును సరేయందుము. కాని యలసిన బాలుడు పుస్తకము ముందు కూర్చున్న గంటలు వేఱు, చదివిన గంటలు వేఱు. సాయంకాలపు క్లాసులో వెనుక బెంచీని చూచినచో ఈ భేదము తెలియును. కన్నులు తెఱచియే యుండును. పేజీ మాత్రము తిరుగదు. పైగా పదవ తరగతితో నిది ముగియదు. తరువాత నింటర్మీడియెట్టు, దానితోపాటు ప్రవేశపరీక్షలు, పిదప నుద్యోగపు పరీక్షలు. రెండు నెలలని మొదలైనది పదేండ్ల జీవనవిధానమగుచున్నది.

ఈ మాటలలో అతిశయోక్తి లేదనుటకు ఒక విషాదమును తలంపక తప్పదు. 2019 ఏప్రిలు నెలలో తెలంగాణమున ఇంటర్మీడియెట్టు ఫలితములు వెలువడిన పిదప కొలది దినములలోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో మార్కుల తప్పులు దొరలియుండుటయు తరువాత బయటపడెను. దేశమంతటను 2022వ సంవత్సరమున ఇట్లు మరణించిన విద్యార్థులు 13,000కు మించియున్నారని ప్రభుత్వపు నేరగణాంకములు తెలుపుచున్నవి. ఇట్టి మరణములకు కారణములు పెక్కు. పరీక్ష యొక్కటే కారణమని చెప్పరాదు. కాని యొక కాగితముపై అంకె తనకంటె పెద్దదని యే బాలుడైనను నమ్మెనేని, ఆ నమ్మకమును కలిగించినవారిలో మన మందఱమును ఉన్నాము. మార్కులు బిగ్గఱగా చదువు ఉపాధ్యాయుడు, ప్రక్కింటివాని కొడుకుతో పోల్చు తండ్రి, ర్యాంకుల ఫోటోలను పత్రికలలో ప్రకటించు విద్యాసంస్థ, ఆ ప్రకటనలు చూచి మెచ్చుకొను సంఘము, అందఱికిని ఇందు పాలు కలదు.

బైబిలులో ఏలీయా ప్రవక్త చరిత్రమున నొక ఘట్టము ఈ సందర్భమున మాకు తోచుచున్నది. యెజెబెలు రాణి చంపింతునని కబురంపగా ఏలీయా అరణ్యమునకు పాఱిపోయి, యొక చెట్టుక్రింద కూర్చుండి, తనకిక చావు కావలెనని ప్రార్థించి నిద్రపోయెను. అంతటి ప్రవక్తకే యంతటి నిరాశ! అప్పుడు దేవదూత వచ్చి యేమి చేసెను? మందలింపలేదు, కర్తవ్యము బోధింపలేదు, ఇతర ప్రవక్తలతో పోల్చలేదు. అతనిని తట్టి లేపి, నిప్పులపై కాలిన రొట్టెను, బుడ్డితో నీళ్లను చూపి, లేచి భోజనము చేయుమనెను. అతడు తిని మరల పండుకొనెను. దూత రెండవమారు వచ్చి మరల తినుమనెను. ఆ ఆహారబలముచేత నతడు నలువది దినములు నడచి హోరేబు పర్వతము చేరెను. అతనితో మాటలాడుట, అతనికి పని యప్పగించుట అంతయు ఆ పిమ్మటనే జరిగెను. మొదట అన్నము, నీళ్లు, నిద్ర, తరువాత మాట, ఆ తరువాత పని. దేవుడే పాటించిన యీ క్రమమును మనము తలక్రిందులు చేయుచున్నాము. పరీక్ష వ్రాసి యింటికి వచ్చిన బిడ్డను గుమ్మములోనే ప్రశ్నపత్రముతో నిలువరించి, ఎన్ని మార్కులు వచ్చునని లెక్కవేయించుచున్నాము. తెలుగువారి యిండ్లలో అతిథి వచ్చినచో మొదటిమాట ‘అన్నము తింటివా’ యనునది గదా. ఆ మాటకు మన బిడ్డలును అర్హులే.

కావున పాఠశాలలకు మా మనవి నాలుగు మాటలలో చెప్పెదము. పదవ తరగతివారి ఆటపీరియడును పరీక్షల ముందటి దినమువఱకు రద్దుచేయకుందురు గాక. స్పెషల్ క్లాసు తప్పనిసరియైనచో ఉదయమో సాయంకాలమో ఒక్కటే పెట్టుదురు గాక. దిద్దిన పరీక్షాపత్రమును ఎవరిది వారి చేతికిచ్చి, మార్కులను తరగతియంతయు వినునట్లు చదువుట మానుదురు గాక. విద్యార్థి భయము లేక పోయి మాటలాడదగిన యుపాధ్యాయుని లేక ఉపాధ్యాయురాలిని ఒకరినైనను ప్రతి పాఠశాలయు నియమించి, ఆ సంగతి యందఱికిని తెలియజేయునుగాక. వీనిలో నొక్కదానికైనను క్రొత్త కట్టడము అక్కఱలేదు, నిధులు అక్కఱలేదు.

అయితే అలవాట్లచేత అన్నియు కుదురునని మేము చెప్పము. ఇంటి పేదఱికమును, తండ్రి త్రాగుడును, దేహమందలి వ్యాధిని ఐదు నిమిషముల ప్రాణాయామము తొలగింపజాలదు. రెండు వారములకు మించి నిద్ర పట్టకున్నను, దేనియందును ఇచ్చ పుట్టకున్నను, బ్రతుకుపై విసుగు కలిగినను అది సామాన్యమైన యొత్తిడి కాదు. జ్వరము వచ్చినప్పుడు వైద్యునియొద్దకు పోవుటకు సిగ్గుపడనివారు దీనికిని సిగ్గుపడనక్కఱలేదు. చనిపోవుదునను మాట యెవరినోటనైనను వినిపించినచో, అది వేళాకోళమని త్రోసివేయక వెంటనే పెద్దలకు తెలుపవలెను. అట్టివానిని ఒంటరిగా విడువరాదు. భారతప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన టెలి మానస్ అను సహాయసంస్థను నెలకొల్పినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు, ఖర్చు లేకయే, తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ సంఖ్యను ప్రతి తరగతిగోడపైనను వ్రాయింపదగును.

విద్యార్థులారా! మీరు పరీక్షలలో ప్రథమశ్రేణిలో నుత్తీర్ణులు కావలెననియే మా కోరిక. అందులకై కష్టపడి చదువుడు. చదివిన పిదప ఆడుడు. ఆడిన పిదప తిని నిద్రింపుడు. ఎక్కువ తెలిసినవాని నడుగుటకు సిగ్గుపడకుడు; తక్కువ తెలిసినవానికి చెప్పుటకు విసుగుకొనకుడు. తోడివాడు నాలుగు దినములుగా మౌనముగా నున్నచో, వానిని ఆటకు పిలువుడు. రాకున్నచో వానిప్రక్కన కూర్చుండుడు. ఈ సంవత్సరము నేర్చిన సూత్రములలో కొన్నిటిని మీరు మఱచిపోవుదురు. అందువలన పెద్దనష్టము లేదు. వేళకు నిద్రించుట, వేళకు లేచుట, భయము కలిగినప్పుడు నెమ్మదిగా నూపిరి తీయుట, దుఃఖము కలిగినప్పుడు ఒకరితో చెప్పుకొనుట యను నీ నాలుగును మఱువనిచో, మీరు పెద్దవారై మీ బిడ్డలు పరీక్ష వ్రాసి వచ్చినప్పుడు వారిని మొదట ఏమని యడుగవలెనో మీకు మఱియొకరు చెప్పనక్కఱలేదు.